చుక్క మింగకుండా చూసొచ్చిన ద్రాక్షసీమ

ఫ్రాన్సు వెళ్ళొచ్చానని తెలిసి మా తిరువూరులో నన్ను చూడ్డానికి వచ్చినవాళ్ళెవరూ ఈఫిల్ టవర్ గురించి అడగలేదు. "అక్కడ మంచినీళ్ళకు బదులు సారాయే తాగుతారటగా, నిజమేనా?" అని అడిగారు. సారా కాదు, వైను అన్నాను. రెండింటికీ తేడా ఏంటన్నారు. ఆ తేడా చెప్పడం మొదలుపెడితే నన్ను ఆపడం ఎవరి తరమూ కాదు. ఇంట్లోవాళ్ళు విని విని విసిగిపోయారు కాబట్టి ఇదిగో, కాగితం మీద పెడుతున్నాను. వెళ్ళనివాళ్ళు చదువుకోవచ్చు. తాగనివాళ్ళు మరీ నిశ్చింతగా చదువుకోవచ్చు. ఎందుకంటే ఆ దేశంలో దాదాపు నెల రోజులుండి, రకరకాల వైన్లు నోట్లో పోసుకుని, ఒక్క చుక్క మింగకుండా తిరిగొచ్చినదాన్ని నేను.

తిరువూరులో బయల్దేరేముందు

ముందు నా నాలుక గురించి చెప్పాలి. అది మా వీధికి ఉమ్మడి ఆస్తి. వేసవిలో ఎవరింట్లో ఆవకాయ పెడుతున్నా "రాజ్యం గారికి ఓ ముక్క చూపించి రండి" అంటారు. ముక్కను నాలుకకీ అంగిటికీ మధ్య నొక్కిపెట్టి, కళ్ళు మూసుకుని, ఈ కాయ ఏడాది నిలుస్తుందో శ్రావణానికే మెత్తబడుతుందో చెప్తాను. విస్సన్నపేట ఎర్రనేలల కాయా, ఎ.కొండూరు వైపు కాయా అన్నది కూడా చెప్తాను. చాలాసార్లు నిజమే అవుతుంది. కానప్పుడు జాడీ సరిగ్గా ఎండబెట్టలేదని తప్పించుకుంటాను.

వినగడపలో మా నాన్న నాకు పసుపు కుంకుమల కింద ఇచ్చిన మామిడితోట ఒకటుంది. గులకరాళ్ళ గుట్ట మీద ముసలి చెట్లు. చిన్నరసాలు, కొన్ని జలాలు, పేరు తెలియని నాటుచెట్లు. కాయ చిన్నది, తొక్క మందం. ఒక ఏడు కాస్తే ఇంకో ఏడు అలుగుతాయి. మావారికి ఆ తోటంటే ఒళ్ళుమంట. చెట్లన్నీ కొట్టించి, గుట్టను చదును చేసి, బంగినపల్లి అంట్లు పెట్టాలని ఆయన పట్టుదల. బెజవాడ నుంచి వచ్చే షావుకార్లు బంగినపల్లే కావాలంటున్నారు. మా గుట్ట కాయల్ని విస్సన్నపేట కాయలతో కలిపి ఒకే రాశి పోసి, అన్నిటికీ కలిపి నూజివీడు రసాలని పేరు పెట్టి లారీ ఎక్కిస్తున్నారు.

"రాశిలో కలిశాక నీ గుట్టేంటి, ఇంకొకళ్ళ చేనేంటి? అంతా ఒకటేగా" అనేవారు మావారు.

"మన కాయ రుచి వేరండీ" అనేదాన్ని నేను.

"రుచి నీ నోట్లో ఉంది. బజార్లో లేదు."

 రుచికి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

ఈ వాదన తెగకముందే ప్రయాణం వచ్చిపడింది. మా తమ్ముడు మురళి ఫ్రాన్సులో దిజోన్ అనే ఊళ్ళో యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాడు. ఆ ఏడు మా మిగతా తోటలు విరగకాశాయి. చేతిలో నాలుగు డబ్బులున్నప్పుడే వచ్చి ద్రాక్షకోతలు చూసి వెళ్ళమని వాడు ఒకటే గొడవ. సరేనన్నాం. గుట్టతోట సంగతి తిరిగొచ్చాక తేల్చుకుందామనుకున్నాం. అనుకున్నామని నేననుకున్నాను.

బయల్దేరే రోజు మా అత్తయ్య నన్ను ఆవకాయ జాడీల గదిలోకి పిలిచారు. "ద్రాక్షలు దేనికి కోస్తారో నాకు తెలీదనుకున్నావా? చేతిలో చెయ్యేసి చెప్పు. చుక్క నీ గొంతు దిగకూడదు."

"మరి మీ అబ్బాయి సంగతో?"

"వాడి గొంతు నా మాట వినడం మానేసి చాలా ఏళ్ళయింది. నీది వింటుంది, అందుకే నిన్నడుగుతున్నా."

చెయ్యేసి చెప్పాను.

పారిస్‌లో ఆవకాయ పరిమళం

విమానం దిగేసరికి మా పెట్టెలో ఆవకాయ సీసా మూత వదులై, మావారి కొత్త కోటుకి నూనె పట్టింది. తనిఖీ ఆఫీసరు పెట్టె తెరిచి ఒక అడుగు వెనక్కి వేశాడు. తరవాత రెండడుగులు ముందుకొచ్చి ముక్కు పెట్టి వాసన చూసి, "మూటార్డ్?" అన్నాడు. అంటే ఆవపిండి అని. అవునని తలూపాను. దిజోన్ వెళ్తున్నామని చెప్పగానే నవ్వుతూ పెట్టె మూసేశాడు. ఆ నవ్వుకి అర్థం దిజోన్ వెళ్ళాక గాని తెలియలేదు. ఆ కోటు మాత్రం ప్రయాణమంతా కొత్తావకాయ వాసనే. రైల్లో మా ఎదురు సీట్లో ఎవరూ ఎక్కువసేపు కూర్చోలేదు.

దిజోన్ అంటే ఆవాల ఊరు

నవ్వెందుకంటే ఆ దేశంలో ఆవపిండికి పెట్టింది పేరు దిజోన్. బజార్లో ఆవముద్ద అమ్మడానికే కొట్లున్నాయి! పింగాణీ జాడీల్లో పసుపుపచ్చగా నిండుగా పోసి పెట్టారు. వేలుతో తీసుకుని నాకితే నషాళానికి ఎక్కింది. కళ్ళలో నీళ్ళొచ్చాయి. అంత దూరం వెళ్ళి మేనమామ ఇల్లు చూసినట్టయింది నాకు. వీళ్ళు ఆవాలు తెలిసినవాళ్ళు, వీళ్ళతో నేను మాట్లాడగలను అనుకున్నాను.

మిగతావన్నీ వింతే. చేతికర్రంత రొట్టెను కాగితమైనా చుట్టకుండా చంకలో పెట్టుకుని నడుస్తారు. కప్పు కాఫీ రెండు ఫ్రాంకులు, అంటే మన నాలుగు రూపాయలకు కాస్త తక్కువ. ఆ ధరకు తిరువూరు బస్టాండులో బస్సు దిగినవాళ్ళందరికీ కాఫీ ఇప్పించవచ్చని మావారు రోజూ అనేవారు, రోజూ తాగేవారు. నత్తల్ని వెల్లుల్లీ వెన్నా వేసి వండి పళ్ళెంలో పెట్టారు ఒకచోట. మన పొలంగట్ల మీద వానాకాలం పాకే నత్తలే. మావారు డజను తిన్నారు. నేను ఆ వెల్లుల్లి వెన్నలో రొట్టె అద్దుకు తిన్నాను, అద్భుతంగా ఉంది.

మురళి గదిలో మొదటి పాఠం మొదలైంది. వైన్లు రుచిచూసేవాళ్ళు మింగరట. నోట్లో పుక్కిలించి ఉమ్మేస్తారట. రోజుకు ఎన్నో రకాలు చూడాలి కదా, మింగితే పడిపోతారు. ఈ మాట విని నేను ఎగిరి గంతేశాను. అత్తయ్య మాటా దక్కుతుంది, నా నాలుక సరదా తీరుతుంది.

వాడు మూడు గ్లాసులు పెట్టాడు. మూడూ నోట్లో తిప్పి తొట్టిలో ఉమ్మేశాను. మూడోది చిక్కగా, తియ్యగా, నేరేడుపళ్ళు పిసికినట్టుంది. "ఇదేరా అసలైన వైను" అన్నాను గట్టిగా. మురళి కడుపు పట్టుకు నవ్వాడు. అది వైనే కాదట. నల్లగా ఉండే చిన్నపళ్ళతో చేసిన తియ్యటి పాకమట, వైన్లో కాస్త కలుపుకుంటారట. మా వీధి ఉమ్మడి ఆస్తికి మొదటిరోజే ఇంత పరువు దక్కింది.

మార్సెల్ నేలమాళిగ

బోన్ అనే పట్నం దగ్గర చిన్న పల్లెలో మార్సెల్ అనే రైతు ఉన్నాడు. మురళికి తెలిసినవాడు. మా నాన్న వయసు, బుర్ర మీసాలు, ఏది చెప్పినా అరిచి చెప్పే గొంతు. ఆయన భార్య ఇవెట్ మనిషి సన్నం, నడక వేగం. ఆవిడ అన్నానికి పిలిస్తే వాయిదాలుండవు. వాళ్ళ మేడమీద గదిలోనే మేం మకాం పెట్టాం. వాళ్ళ మాట మాకు రాదు, మా మాట వాళ్ళకు రాదు. మధ్యలో మురళి.

మొదటిరోజే మార్సెల్ మమ్మల్ని ఇంటి కింద నేలమాళిగలోకి దింపాడు. చల్లగా, చీకటిగా, పీపాల వరసలు. గాజు గొట్టంతో పీపాలోంచి వైను పీల్చి గ్లాసులో వదిలాడు. ఒకటే గ్లాసు. తను ఒక గుక్క పుక్కిలించి, గులకరాళ్ళు పరిచిన నేల మీద ఉమ్మి, గ్లాసు మావారికిచ్చాడు. మావారు ఒక గుక్క మింగేసి, నాకందించారు.

ఎంగిలి గ్లాసు! మావారి ఎంగిలైతే సర్దుకుంటాను. మార్సెల్ ఎంగిలి మాటేమిటి? కాదంటే ఆయన్ని అవమానించినట్టు. క్షణం ఆలోచించి, మనం పొరుగింట్లో మంచినీళ్ళు తాగినట్టే తల వెనక్కి వాల్చి, గ్లాసు పైకెత్తి, పెదవి తగలకుండా పోసుకున్నాను. చెంబు కాదు కదా అది, పొడుగు కాడ గ్లాసు. సగం నోట్లో, సగం మెడ మీద, మిగతాది మా పెద్దమ్మ పెట్టిన గంధం రంగు పట్టుచీర మీద. మార్సెల్ నోరు తెరుచుకుని చూశాడు. గాల్లోంచి తాగే మనిషిని ఆయన అంతకు ముందు చూడలేదు.

మురళి ఎంగిలి గురించి ఏం చెప్పాడో గాని, ముసలాయన మేడెక్కి వెళ్ళి, తన పెళ్ళినాటి అద్దాల బీరువాలోంచి ఒక గ్లాసు తెచ్చి, తుడిచి, నా చేతిలో పెట్టాడు. "ఇది అక్కదేనట, ఉన్నన్నాళ్ళూ ఇంకెవరూ ముట్టరట" అన్నాడు మురళి. తరవాత మార్సెల్ తన ముక్కును గ్లాసులో ముంచి చూపించాడు. వైను సగం ముక్కుతోనే తాగాలి, నువ్వు ఆకాశంలోంచి పోసుకుంటే ముక్కుకేం మిగులుతుంది అని ఆయన బాధ. నిజమే. ముక్కు పెట్టి చూశాను. తడిమట్టి, పండిన పళ్ళు, కొంచెం పొగ. పెరట్లో కట్టెలపొయ్యి మీద రసం కాగుతుంటే వచ్చే పొగ. ఒక గ్లాసులో ఇన్నెలా పట్టాయా అని మళ్ళీ మళ్ళీ ముక్కు పెట్టాను.

ఉమ్మడం మాత్రం నేర్చుకోవలసి వచ్చింది. పెద్దవాళ్ళ ఎదుట, నోట్లోది, అదీ వాళ్ళు పెట్టింది ఉమ్మడమంటే మన ఇళ్ళలో చెంపదెబ్బతో సమానం. మొదట్లో పీపా వెనక్కి వెళ్ళి కొంగు అడ్డం పెట్టుకుని ఉమ్మేదాన్ని. మూడో రోజుకి మార్సెల్ కన్నా దూరం ఉమ్మడం వచ్చింది.

వగరు

ఒక ఎర్రవైను నోట్లో వేసుకోగానే నాలుకా చిగుళ్ళూ పట్టేసుకున్నాయి. మార్సెల్ చేతులతో ఏదో చెప్తున్నాడు, పళ్ళు చూపిస్తున్నాడు, బుగ్గలు లాక్కుంటున్నాడు. మురళికి మాట దొరకడం లేదు. "ఏదో బిగుతు అక్కా, చేదు కాదు, పులుపు కాదు" అంటున్నాడు.

"వగరురా" అన్నాను.

పరిశోధన చేసే మహానుభావుడు తెలుగులో వగరు మరిచిపోయాడు. నా సంచీలో వాంతులు రాకుండా తెచ్చుకున్న ఎండు ఉసిరిముక్కలున్నాయి. ఒకటి మార్సెల్ నోట్లో పెట్టించాను. నమిలాడు. మీసాలు రెండూ ఒకదానికొకటి దగ్గరగా వచ్చాయి. కళ్ళు పెద్దవయ్యాయి. పీపా మీద దబదబా బాది "వగర్!" అని అరిచాడు. తరవాత మంచినీళ్ళు తాగించాను, నోరంతా తియ్యబడింది. ఆయనకు మతి పోయింది. ఆ రోజు నుంచి ఎవరు వచ్చినా వాళ్ళ నోట్లో ఉసిరిముక్క పెట్టి, గ్లాసు చేతికిచ్చి, "వగర్" అని పాఠం చెప్పడమే పని. నా ఉసిరి అక్కడే అయిపోయింది.

ఆ తరవాత నాకు భయం పోయింది. వీళ్ళ మాటలు రాకపోతేనేం, మన మాటలున్నాయిగా. ఒకటి జివ్వుమంది. ఒకటి కమ్మగా ఉంది. ఒకటి పచ్చివాసన, ఇంకా మాగాలి. ఒకటి నోట్లో బాగుంది కానీ ఉమ్మగానే మాయమైంది. కొన్ని మాత్రం ఉమ్మేసి మేడెక్కి వచ్చినా నాలుక మీద కూర్చునే ఉన్నాయి. అవే గొప్పవని తరవాత తెలిసింది.

సీమకో రుచి

మధ్యలో మురళి పాత కారులో రెండు సీమలు చూశాం. దక్షిణాన బోజొలే అంతా మెత్తటి కొండలు. అక్కడి వైను తేలిక, లేతగా ఉన్నప్పుడే తాగేస్తారు. సాయంత్రం అరుగు మీద పక్కింటివాళ్ళతో కబుర్లాడినంత హాయిగా ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు. తూర్పున జర్మనీ సరిహద్దులో అల్జాస్. అక్కడ తెల్లవైన్లు. ఒకదానికి ముక్కు పెట్టగానే గులాబీల వాసన వేసింది. పువ్వేమైనా వేశారేమోనని గ్లాసు వంచి చూశాను. అక్కడి హోటలమ్మ నా బొట్టు చూసి దెబ్బ తగిలిందనుకుని దూది తెచ్చింది. కాదని చెప్పి, ఆవిడకూ ఒకటి పెట్టాను. మేం వెళ్ళేదాకా తియ్యలేదు.

ఒకే దేశం, మన రాష్ట్రానికి రెండింతలో ఎంతో ఉంటుంది. ఊరు దాటితే గ్లాసు మారుతోంది. మావారు ప్రతిచోటా మింగుతూ, ఉత్సాహంగా ఉంటూ, "బాగుంది, ఇదీ బాగుంది" అనేవారు. కానీ తేడా అడిగితే, "అంతా వ్యాపారమే. పేరు మారిస్తే ధర మారుతుంది" అని తేల్చేసేవారు.

గోడకు ఇటూ అటూ

తిరిగి మార్సెల్ దగ్గరికి వచ్చేసరికి కోతలు జోరుగా ఉన్నాయి. వీపున బుట్టలు, చేతిలో కత్తెర్లు. చిక్కం కట్టిన గడ పైకెత్తి మామిడికాయలు కోసే మాకు ఆ వంగుడు చూస్తేనే నడుం నొప్పి పుట్టింది. నేనూ కొంగు బిగించి ఒక పూట కోశాను. మధ్యాహ్నం పొడుగు బల్ల చుట్టూ కూలీలూ యజమానులూ కలిసి కూర్చుని తిన్నారు. మా దగ్గర ఇది ఇంకా రావాలి.

మార్సెల్‌కి ఉన్న తోటలో మధ్యగా మోకాలెత్తు రాతిగోడ ఉంది. గోడకు పైన గుట్ట, రాళ్ళనేల. కింద మెత్తటి మట్టి, చక్కటి పంట. తీగ ఒకటే రకం, చేసే చెయ్యి ఒకటే. అయినా పైదానికి ఒక పేరు, కిందదానికి ఒక పేరు. సీసా మీద ఆ పేర్లు వేరుగా వేస్తారు. ఒక్కనాడూ రెండూ కలపరు. గుట్టమీద కాపు తక్కువ, అయినా దానికే గౌరవం ఎక్కువ.

"రెండూ కలిపేస్తే పని సులువు కదా?" అని మావారు అడిగించారు.

మార్సెల్ మమ్మల్ని నేలమాళిగలోకి తీసుకెళ్ళి, మావారి ఎదుట రెండు గ్లాసులు పెట్టాడు. ఏది ఏదో చెప్పలేదు. మావారు ఒకటి తాగారు. రెండోది తాగారు. మళ్ళీ మొదటిది తాగారు. ఎప్పుడూ "బాగుంది" అనే మనిషి ఈసారి ఒక గ్లాసు ముందుకు జరిపి, "ఇది గుట్టది" అన్నారు తెలుగులో.

మురళి చెప్పకముందే మార్సెల్‌కి అర్థమైంది. మావారి వీపు మీద ఒక్కటి చరిచాడు. నేను ఆ రెండూ చూశాను. కిందది గుండ్రంగా, మెత్తగా, అందరికీ నచ్చేలా ఉంది. గుట్టది మొదట మూతి ముడుచుకుంది. వగరు, తరవాత ఏదో రాతివాసన, ఆ తరవాత అది నోట్లో తెరుచుకుంటూ పోయింది. మా వినగడప రసం కూడా అంతే. మొదటి చప్పరింపుకి పులుపు, టెంకె దగ్గరికి వచ్చేసరికి గాని దాని అసలు తీపి తెలియదు. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతో వచ్చిన ఏడుపే. ఇన్నాళ్ళూ వెతికిన సాక్ష్యం మావారి నోట్లోనే దొరికింది.

కానీ ఆయన మొహం పాలిపోయి ఉంది.

పోస్టాఫీసుకు పరుగు

ఆ రోజు మనకు దసరా ముందు శుక్రవారం. ఇవెట్ వంటింట్లో పాయసం కాస్తున్నాను. మావారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"రాజ్యం, కోప్పడకు. మనం వచ్చేముందే అడితి కరీం గారికి మాటిచ్చా. గుట్టతోట చెట్లన్నీ ఆయనకే. దసరా వెళ్ళాక సోమవారం గొడ్డళ్ళు దింపమన్నా. నువ్వు ఊళ్ళో లేనప్పుడైతే గొడవుండదనుకున్నా."

గరిటె చేతిలో ఉండిపోయింది.  కరీం గారంటే తిరువూరులో కలప అడితి నడిపే పెద్దమనిషి, మాటంటే మాటే. సోమవారం అన్నారంటే సోమవారమే.

"టెలిగ్రాం" అన్నాడు మురళి.

మార్సెల్‌కి విషయం చెప్పగానే ఆయన నుదురు కొట్టుకుని, ద్రాక్షలు మోసే వ్యానులోనే మమ్మల్ని ఎక్కించుకుని బోన్ పోస్టాఫీసుకు తోలాడు. తలుపులు మూసే వేళ. ఆయన గొంతుకి లోపలి మనిషి మళ్ళీ తీశాడు. చెట్లు కొట్టించకమ్మా, పని ఆపించు అని అత్తయ్య పేర ఇంగ్లీషులో రాయించాం. మాటకింతని ధర. కాఫీ ధరకు రోజూ గొణిగే మావారు ఈ ధర అడగనే లేదు. నేను వ్యానులో ఆయన పక్కన కూర్చోలేదు, మాతో వచ్చిన ఇవెట్ పక్కన కూర్చున్నాను. పాయసం అడుగంటింది. మార్సెల్ పొగవాసన బాగుందని రెండుసార్లు వేయించుకున్నాడు.

జవాబు రాలేదు. బయల్దేరేరోజు దాకా రాలేదు. మార్సెల్ గుట్టమీది వైను ఒక సీసా నా చేతిలో పెట్టి, దానితోపాటు నా గ్లాసు కూడా గుడ్డలో చుట్టి ఇచ్చాడు.

ఎ.కొండూరు దాటాక

బెజవాడలో బస్సెక్కాం. ఎ.కొండూరు దాటాక ఎదురుగా ఒక లారీ వచ్చింది. నిండా దుంగలు. కోసిన చోట్ల ఇంకా తడి ఆరని మామిడి దుంగలు.

"మనవి కావులే" అన్నారు మావారు. ఆయన గొంతులో నమ్మకం లేదు.

తిరువూరులో ఇంటికి తాళం. పక్కింటావిడ పరుగున వచ్చింది. "మీ అత్తగారు అప్పట్నుంచీ వినగడపలోనే ఉన్నారండీ. టెలిగ్రాం వచ్చిందని వెళ్ళారు, మళ్ళీ రాలేదు." పెట్టెలు వాళ్ళింట్లో పడేసి వినగడప వెళ్ళాం.

గుట్ట కింద వరసలో మూడు చెట్లు లేవు. మొదళ్ళు తెల్లగా కనిపిస్తున్నాయి. వాటిలో ఒకటి మా నాన్న పెట్టిన జలాల చెట్టు. మిగతావన్నీ ఉన్నాయి. అన్నీ ఉన్నాయి! మంచం వేసుకుని అత్తయ్య వాటి కింద కూర్చుని ఉన్నారు. మావారిని ఎగాదిగా చూసి, నన్ను దగ్గరికి పిలిచారు.

జరిగింది ఇది. సోమవారం పొద్దున టెలిగ్రాం వచ్చింది. తెచ్చినాయన చదివి చెప్పాడు. అత్తయ్య అరవలేదు, పరుగెత్తలేదు. గిన్నెడు పెరుగన్నం కలిపి, ఆవకాయ సీసా సంచీలో పెట్టుకుని బస్సెక్కారు. ఆవిడ గుట్ట చేరేసరికి మూడు చెట్లు పడ్డాయి. "ఎండలో పని, ముందు తినండర్రా" అని గొడ్డలివాళ్ళందరినీ కూర్చోబెట్టి, విస్తళ్ళు వేసి, తనే వడ్డించారట. అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారట. అప్పుడే కరీం గారు కూడా వచ్చారట. ఆయనకూ ఒక ముక్క వేశారు.

"ఆ ముక్క ఎక్కడిదో తెలుసా కరీం అని అడిగా" అన్నారు అత్తయ్య. "ఏ ఊరిదమ్మా, భలే ఉంది అన్నాడు. ఇదిగో, నీవాళ్ళు ఇప్పుడు గొడ్డలెత్తబోతున్న చెట్టుదే అని చూపించా. ముక్క నోట్లో ఉండగానే పైకి చూశాడు. అమ్మగారూ, నాకు ఇచ్చిన మాట మీ అబ్బాయికే తిరిగిచ్చేస్తా, ఆ మూడూ మాత్రం తీసుకెళ్తా అన్నాడు. మంచివాడు. ఇంకో ముక్క వేశా."

మార్సెల్ నేలమాళిగలో చేసిన పనే ఆవిడ మామిడిచెట్టు కింద చేశారు. ఈ మాట చెప్తే అత్తయ్యకు అర్థం కాలేదు. "ఆకలేసినవాడికి అన్నం పెడితే అదేదో గొప్పా?" అన్నారు.

వినగడప గుట్ట

ఇదంతా జరిగి ఆర్నెల్లు దాటింది. మొన్న చిన్నరసాలు పండటం మొదలైంది. ఈసారి మావారు మా గుట్ట కాయను రాశిలో కలపనివ్వలేదు. వేరే బుట్టల్లో పెట్టించి, అట్టముక్క మీద 'వినగడప గుట్ట రసాలు' అని తనే రాసి, తిరువూరు బజార్లో పెట్టించారు. షావుకార్లు నవ్వారు. ధర అందరిదే వచ్చింది, పైసా ఎక్కువ రాలేదు. కానీ తరవాతి వారం ఒకావిడ వచ్చి, వేరే బుట్టలన్నీ దాటి, "గుట్ట కాయలు లేవా?" అని అడిగిందట. ఆ మాట చెప్పడానికి మావారు బజారు నుంచి ఇంటిదాకా చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చినంత పని చేశారు.

ఆ ఆదివారం నలుగురం తోటలో కూర్చున్నాం. మేం ముగ్గురం, కరీం గారు. అత్తయ్య కాయలు పిసికి అందరికీ ఇచ్చారు. తరవాత సంచీలోంచి మార్సెల్ సీసా తీశారు! ఆవకాయ జాడీల పక్కన ఇసకలో దాచి ఉంచారు ఇన్నాళ్ళూ. కరీం గారు నవ్వి, తనకు మామిడిపండు చాలని పక్కకు జరిగారు. బిరడా తీసే పరికరం లేక మావారు పచ్చడిబండతో దాన్ని సీసాలోకే తోసేశారు.

అత్తయ్య తన స్టీలు గ్లాసులో పోసుకుని, తల వెనక్కి వాల్చి, ఎత్తి పోసుకున్నారు. చుక్క కింద పడలేదు. బుగ్గలు అటూ ఇటూ తిప్పారు, నేను చూపించినట్టే. ఉమ్ముతారని పక్కకు జరిగాను. గుటుక్కున మింగేశారు.

"అత్తయ్యా!"

"మన చెట్ల కాయ నోట్లో పెట్టుకుని ఎవరైనా ఉమ్మేశారా? ఆ ముసలాయన కూడా చెట్టు పెంచినవాడేగా. ఆయన గుట్టది ఉమ్మెయ్యడానికి నాకు మనసొప్పలేదు." మూతి తుడుచుకున్నారు. "నీ మాట నీకు తిరిగిచ్చేస్తున్నా. తాగు."

గుడ్డ విప్పి మార్సెల్ ఇచ్చిన గ్లాసు తీశాను. ముక్కు పెట్టగానే తెలిసిపోయింది. మా తిరువూరు ఎండలకు, ఇసకలో ఉన్నా సరే, వైను ఉడికిపోయింది. పళ్ళ వాసన పోయి మాడిన బెల్లప్పాకం వాసన వచ్చింది. నేలమాళిగలో పీపా పీపాకీ తిరిగి నేను ఉమ్మేసినవన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. అన్నీ దీనికంటే నయమే. మార్సెల్ అయితే మొహమాటం లేకుండా పారబోసేవాడు. కానీ అడుగున, చాలా అడుగున, ఆ వగరూ ఆ రాతివాసనా ఇంకా ఉన్నాయి.

గుటక వేశాను. గొంతు వెచ్చగా దిగింది. అందరూ నా మొహమే చూస్తున్నారు.

"ఎలా ఉందే?" అన్నారు అత్తయ్య.

"ఎండకు ఉడికిపోయింది అత్తయ్యా" అన్నాను. "ఇంకొంచెం పొయ్యండి."